సింహంగారికి మాట అందించిన రాత్రి

గుసగుసకు కోపం వస్తే గొంతు లేవదు, ఇంకా కిందికి దిగుతుంది. ఆ మనిషి అరవగా విన్నవాళ్లు ఎవరూ లేరు. చుట్టుపక్కలవాళ్లు అది మంచితనం అనుకునేవారు. మంచితనమూ లేదు, మన్నూ లేదు. చాలా ఏళ్లుగా ఒకే ఒక్క మనిషి మీద పళ్లు నూరుతూ బతికింది, అంతే.

ఆమెది ఒకప్పుడు నాటకాల కంపెనీలో మాట అందించే పని; గుసగుస అన్న పేరు అక్కడే పడింది. తెర పక్కన చీకట్లో, కాలు సరిగ్గా ఆనని స్టూలు మీద కూర్చోవాలి. వేదిక మీద నటుడు మాట మరిచిపోతే మొదటి రెండు ముక్కలూ అతనికొక్కడికే వినపడేలా విసరాలి. చెప్పడానికి ఇంతే. అసలు కిటుకంతా ఎప్పుడు విసరాలన్న దాంట్లో ఉంది. నటుడు కావాలని ఆగాడా, మరిచిపోయి ఆగాడా? అతను ఊపిరి లోపలికి తీసుకునేదాకా చూడాలి. తీసుకున్న ఊపిరి మాటగా బయటికి రాకపోతే, అప్పుడు అందించాలి. ఆలస్యమైతే పరువు పోతుంది. తొందరపడితే అంతకన్నా ప్రమాదం. ముందే అందే మాటకు అలవాటుపడ్డ బుర్ర ఇక వెతుక్కోదు. చంటిపిల్లలా, నోట్లో ముద్ద పెట్టేదాకా నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అందుకే కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకు ఆమె మొట్టమొదట నేర్పేది నోరు మూసుకోవడం.

ఆ కంపెనీకి పెద్ద నటుడు సింహంగారు. గర్జించినట్టు మాట్లాడతాడని ఆ పేరు. ఆయనను గొప్పవాణ్ణి చేసిన నాటకంలో మొదటినుంచి చివరిదాకా ఆయనొక్కడే ఉంటాడు. తను ఇచ్చిన తీర్పు వల్ల ఒక అమాయకుడు జైలుపాలయ్యాడని తెలుసుకున్న ముసలి జడ్జి, ఖాళీ కోర్టులో తనను తానే విచారించుకుంటాడు.

హాలు కిటకిటలాడుతున్న ఒక రోజున, "ఆ రోజు వాన పడుతోంది" అనాల్సిన చోట సింహంగారు ఆగిపోయాడు. నీళ్లు నమిలాడు. గుసగుస అందించింది. మళ్లీ అందించింది. కాస్త గొంతు పెంచి ఇంకోసారి అందించింది. ఆయన తెర దగ్గరికి నడిచి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, జనం వైపు తిరిగాడు.

"మా గుసగుస నిద్రపోతోందండీ! మీలో ఎవరైనా అందించండి!"

హాలు హాలంతా గొల్లుమంది. మూడో వరసలో ఆమె తల్లి కూర్చుని ఉంది. కూతురు చేసే పనేమిటో కళ్లారా చూడాలని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని మొదటిసారి వచ్చింది. ఆవిడ నవ్వలేదు. ఇంటికి వచ్చాక కూతురి తల నిమిరి, "రాత్రిళ్లు సరిగ్గా పడుకోవే తల్లీ. పనిలో కునుకు తీస్తే ఎవరూరుకుంటారు?" అంది. "నేను పడుకోలేదమ్మా" అంటే, "సరేలే, ఎవరికైనా జరుగుతుంది" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. మర్నాడు కంపెనీ యజమాని గుసగుసను పనిలోకి రావద్దన్నాడు. ఆ తర్వాత తల్లి బతికి ఉన్నన్నాళ్లూ, పొద్దుపోయాక కూతురు దీపం కింద ఏదైనా చదువుకుంటూ కనపడితే చాలు, "పడుకోవే, మళ్లీ ఉద్యోగం పోగలదు" అనేది. కూతురు పనిలో నిద్రపోయిందన్న నమ్మకంతోనే ఆవిడ పోయింది.

గుసగుస ఒక ప్రెస్సులో చేరింది. ప్రూఫులు దిద్దే ఆయన పక్కన కూర్చుని, అసలు ప్రతిని కామాలతో సహా పైకి చదవడం ఆమె పని. గదికి కిటికీ లేదు. పక్క గదిలో మిషన్లు దడదడలాడుతుంటే బల్ల మీది టీ గ్లాసు దానంతటదే జరుగుతూ అంచుదాకా వచ్చేది. ఎవరెవరివో రాతలు చదువుతూనే, ఇంకోపక్క మనసులో జడ్జి నాటకం నడిపించుకునేది, చివరి మాటదాకా. మరిచిపోవడం ఆమెకు చేతకాదు, మాటలైనా మనుషులైనా.

అలాంటి మనిషి ఇంటికి ఒక సాయంత్రం సింహంగారు తనంతట తానే వచ్చాడు. ఒళ్లు తగ్గిపోయింది, గర్జన గొంతు దాటి రావడం లేదు. దూరపు నగరంలో, పెద్ద హాల్లో, ఆఖరిసారిగా జడ్జి నాటకం ఆడుతున్నాడట. వీడియో తీసి దాచిపెడతారట. మాటలు మాత్రం నాలుక మీద నిలవడం లేదు. చెవిలో పెట్టుకునే యంత్రం ఇచ్చి చూశారు గానీ గరగర తప్ప ఆయనకేమీ వినపడలేదు.

"నాటకం మొత్తం నోటికి వచ్చిన మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు గుసగుసా. కాదనకు. విమానం టిక్కెట్లు నాటకం పెట్టించేవాళ్లే కొంటారు. ఇలా ఎక్కి అలా దిగుతాం."

"విమానం వద్దులెండి," అందామె. "మీ చెవులు అసలే నాజూకు. పైకి లేచేసరికి మూసుకుపోతే నా గొంతేం వినపడుతుంది? రాత్రి రైల్లో పోదాం. దారంతా వల్లె వేసుకోవచ్చు."

"నా మేలు కోరేదానివి నువ్వే," అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన వెళ్లాక గుసగుస తలుపు వేసి, తల్లి కూర్చునే కుర్చీ దగ్గర చాలాసేపు నిలబడింది. ఇలా ఎక్కి అలా దిగేలోపు ఒక మనిషి బుర్రను పాడుచేయడం కుదరదు. దానికి ఒక రాత్రి కావాలి.

రైలు ఊరు దాటేసరికి అందరూ పక్కలు పరుచుకున్నారు. కింది బెర్తుల మీద ఎదురెదురుగా వీళ్లిద్దరు, పైన ఒక మందుల కంపెనీ ఏజెంటు. సింహంగారు మొదటి రంగం ఎత్తుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన అంతగా మరిచిపోయింది ఏమీ లేదు. తడుముకుంటున్నాడు, అంతే. కాసేపు ఆగితే మాట దానంతటదే వస్తోంది. గుసగుస అది కనిపెట్టింది. కనిపెట్టి కూడా ఆగలేదు. ఆయన ఒక వాక్యం ముగించీ ముగించకముందే తర్వాతిది అందించింది. ఊపిరి తీసుకోనివ్వలేదు.

"అబ్బ, ఎంత హాయిగా ఉందో! పాతరోజుల్లో కూడా ఇంత బాగా అందించలేదే నువ్వు!"

"మీరేం వెతుక్కోకండి. నేనున్నాగా."

ఒకసారి అయ్యాక మళ్లీ మొదటినుంచి. పై బెర్తులోంచి ఏజెంటు తల కిందికి వేలాడేశాడు. "జడ్జిగారూ, మీకు శిక్ష పడిపోతే మేం కాస్త పడుకుంటాం." సింహంగారు నవ్వి గొంతు తగ్గించాడు. ఆ తర్వాత ఇద్దరివీ గుసగుసలే.

అనుకున్నదే జరిగింది. మొదటిసారి గడగడా చెప్పిన చోట్ల ఆయన రెండోసారి ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత ప్రతి వాక్యం చివరా చూశాడు. పరీక్ష పెడదామని ఆమె ఒక చోట ఊరుకుంది. వందలసార్లు చెప్పిన వాక్యం అది. ఆయన నోరు తెరుచుకుని, ఆమె పెదాలనే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ల కడుపుమంట మీద ఎవరో చెంబెడు నీళ్లు పోసినట్టయింది. దాచడమెందుకు, సంచీ సర్దుకునే మిషతో అటు తిరిగి నవ్వుకుంది కూడా.

తెల్లవారుతుండగా సింహంగారు లేచి కూర్చున్నాడు. "ఇది కూడా పోతే నాకింకేం లేదు గుసగుసా. అంతమంది ముందు నోరు పెగలకపోతే జనం నన్ను అలాగే గుర్తుపెట్టుకుంటారు."

ఆమెకు జాలి వేసింది. వేసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఇంకా వేళ మించిపోలేదు. ఇప్పటినుంచైనా తను నోరు మూసుకుని ఆయనను వెతుక్కోనిస్తే, సాయంత్రానికి మనిషి గట్టెక్కుతాడు. ఆయన నోటినుంచి ఒక్క మాట రావాలి. అది మాత్రం ఆమె అందించదు.

"ఆ రోజు నేను నిద్రపోలేదు," అంది.

"ఏ రోజు?"

"వాన పడుతోంది అన్న చోట."

సింహంగారు నవ్వాడు. "అదా! నాకు తెలీదూ? జలుబు చేసి చెవులు దిబ్బెళ్లు పడిపోయాయి. నీ పెదాలు కదలడం కనపడుతూనే ఉంది. ఏదో ఒకటి అనాలిగా మరి! జనం నవ్వారు, గండం గడిచింది."

"మా అమ్మ నవ్వలేదు."

"మీ అమ్మ వచ్చిందా ఆ రోజు? చెప్పనేలేదే," అంటూ ఆయన దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు. "సరే, ఆ రెండో రంగం మళ్లీ అందించు. అక్కడ మరీ తడబడుతున్నాను."

ఆయనకు తెలుసు! పాపం, వినపడక నిజంగానే అలా అనుకున్నాడేమో అని ఆమె ఇన్నేళ్లూ మనసులో ఒక చిన్న సందు వదిలి ఉంచింది. ఇప్పుడు అదీ మూసుకుపోయింది. గొంతు ఇంకా కిందికి దిగింది. రెండో రంగం అందించింది, ప్రతి మాటా, ఊపిరి తీసుకోనివ్వకుండా.

బాగా తెల్లారాక, నగరానికి ముందు వచ్చే జంక్షన్‌లో ఇంజను మార్చడానికి రైలు ఆగింది. "మొహం కడుక్కొస్తాను," అని గుసగుస సంచీ తీసుకుని దిగింది. ఫోను కావాలనే ఇంట్లో వదిలి వచ్చింది. కుళాయి దగ్గర నిజంగానే మొహం కడుక్కుని, వచ్చి బెంచీ మీద కూర్చుంది.

రైలు కూత వేసింది. సింహంగారు తలుపు దగ్గరికి వచ్చి, ఆమెను చూసి, త్వరగా ఎక్కమని చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు. రైలు కదిలింది. అప్పటికి గానీ ఆయనకు సంగతి తలకెక్కలేదు. ఊచ పట్టుకుని, ముందుకు వంగి, నోరు తెరిచాడు. ఏదో ఒకటి అనాలి, తిట్టడమో బతిమాలడమో. ఏమీ రాలేదు. రాత్రంతా చేసిన అలవాటున, మాట కోసం ఆమె పెదాల వైపు చూశాడు.

గుసగుస లేచి నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. తనలో అంత గొంతు ఉందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

"మా గుసగుస నిద్రపోతోందండీ! మీలో ఎవరైనా అందించండి!"

ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా వినపడింది. టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వారు, వాళ్లను చూసి ఇంకొందరు నవ్వారు. సింహంగారు తెరిచిన నోరు తెరిచినట్టే, తలుపులో నిలబడి కనుమరుగయ్యాడు. ఆమె తిరుగు రైలు ఎప్పుడో కనుక్కుని, టిక్కెట్టు కొనుక్కుని, ఎక్కగానే నడుం వాల్చి, తన ఊరు వచ్చేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.