పెట్టెల సామ్యేలుకు డిజిటల్ పాఠాలు

ఆత్మకూరు బస్ డిపో వెనక సందులో నాకొక ఫ్లెక్సీల దుకాణం ఉంది. పుట్టినరోజుకు నేనే, పెళ్ళికి నేనే, నాయకుడు ఊళ్ళోకి వస్తే నేనే, చివరికి శ్రద్ధాంజలికీ నేనే. ఎలాంటి ముఖాన్నయినా నున్నగా చేసి నాలుగు రోడ్ల కూడలిలో కట్టడం నా బతుకుదెరువు. కాబట్టి ప్రచారం అంటే ఏమిటో నాకు ఎవడూ నేర్పనక్కరలేదు. ఇంటర్నెట్‌లో వ్యాపారం పెంచుతామని బయలుదేరిన ఈ కోచ్‌లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గిరాకీ పోతుందని మంట అని మీరనుకుంటే అనుకోండి, అదీ కొంత నిజమే. కానీ నా ఫ్లెక్సీ నచ్చనివాడు తల తిప్పుకుని పోవచ్చు. మంచాన పడ్డవాడి దిండు కిందికి నా ఫ్లెక్సీ ఏనాడూ పోలేదు.

ఈ మంట అంతా పెట్టెల సామ్యేలు గురించి. నా దుకాణం పక్కన రేకుల షెడ్డు వాడిది. సొంత ఊరు ఉదయగిరి, దుర్గం కింద వీధి. అక్కడ బడిలో ఎనిమిది దాకా జోసెఫ్ సార్ దగ్గర చదువుకున్నాడు. లెక్కలు రాక రోజూ దెబ్బలు తినేవాడు. ఒకనాడు బడిలో విరిగిన బెంచీని వీడు మేకు లేకుండా బిగించడం చూసి, ఆ సారే వీణ్ణి తీసుకొచ్చి ఆత్మకూరులో ఒక మేస్త్రీ దగ్గర పనికి పెట్టాడు. అప్పటినుంచి నలభై మూడేళ్ళుగా వాడు తలుపులు, మంచాలు చేస్తున్నాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా క్రైస్తవుల ఇళ్ళలో ఎవరైనా పోతే శవపెట్టె కూడా వాడే చేసేవాడు.

దానికి వాడి పద్ధతి ఒకటుంది. బతికున్న మనిషిని కొలిచేవాడు కాదు. పెట్టె ముందుగా చేసి ఉంచేవాడూ కాదు. మనిషి పోయాక ఆ ఇంటివాళ్ళే పురికొసతో కొలిచి, పొడవుకు ఒక ముడి, భుజాలకు ఒక ముడి వేసి తెచ్చేవారు. అప్పుడు వాడు జామాయిల్ చెక్క కోసేవాడు. మూడు నాలుగు గంటల్లో పని అయిపోయేది, వాళ్ళావిడ లోపల తెల్లగుడ్డ కుట్టేది. "రెండు చేసి పెట్టుకోరా, చేతికింద ఉంటాయి" అని నేనొకసారి అన్నాను. "ఖాళీ పెట్టె షెడ్లో ఉంటే ఎవరి కోసమో కాచుకోని ఉన్నట్టుంటాది కోటేశూ, నాకు అన్నం సయించదు" అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక జబ్బుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకు పోయేవాడు. చర్చిలో ఎవరెవరి కోసం ప్రార్థన చేయమన్నారో ఆ పేర్లు, ఫోన్ నంబర్లు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని, వరుసగా ఒక్కొక్కరినీ పలకరించి వచ్చేవాడు. శవపెట్టెలు చేసేవాడు గడపలో అడుగుపెడితే జబ్బుమనిషి హడలిపోవాలి కదా. సామ్యేలు వస్తే ఎవరూ హడలేవాళ్ళు కాదు, లేచి కూర్చుని టీ పెట్టమనేవాళ్ళు. ఆ మంచిపేరు ఎంత గొప్పదో వాడికి తెలియదు. అది వాడికి సంపాదన అనిపించలేదు.

రెండు మూడేళ్ళుగా ఆ పని తగ్గిపోయింది. నెల్లూరు ఆసుపత్రిలో మనిషి పోతే అంబులెన్సులోనే రెడీమేడ్ పెట్టె వచ్చేస్తోంది. వార్నిష్ మెరుపు, ఇత్తడి రంగు పిడులు, పైన అద్దం. సామ్యేలు దానికి పెద్దగా బాధపడలేదు, తలుపుల పని ఉంది కదా. వాడి బెంగ ఒక్కటే. జోసెఫ్ సార్‌కు ఎనభై నాలుగు దాటాయి, కిడ్నీలు పాడై ఉదయగిరికీ నెల్లూరికీ మధ్య తిరుగుతున్నాడు. ఏనాడో ఆయన వీడితో అన్నాడట, "నా పెట్టె నువ్వే చెయ్యాల్రా. లెక్కలు నేర్పిన దానికి అదొక్కటే నాకు మిగిలే ఫలితం." సామ్యేలు దాన్ని దేవుడి ముందు పెట్టిన ఒట్టులా మోస్తున్నాడు. ఆసుపత్రిలో పోతే ఆ అంబులెన్సువాళ్ళు మెరుగుపెట్టె తెచ్చేస్తారేమో, తన పేరు ఎవరికీ గుర్తుకు రాదేమో అని రోజూ నా దగ్గర గొణిగేవాడు.

సరిగ్గా అప్పుడే దిగాడు సుధీర్. అనంతసాగరం దగ్గర భూములున్న ఇంటి పిల్లోడు. కోళ్ళఫారం పెట్టి ముంచాడు, ప్లాట్లు వేసి ముంచాడు, మినరల్ వాటర్ పెట్టి దాన్నీ ముంచాడు. ఏ వ్యాపారమూ చేతగాదని రుజువయ్యాక, వ్యాపారం ఎలా చేయాలో ఊరందరికీ నేర్పడం మొదలుపెట్టాడు. కోటు వేసుకుని చేతులు కట్టుకున్న ఫొటో నాకు పంపి, "మీ వ్యాపారం మీ అరచేతిలో" అని ఇరవై అడుగుల ఫ్లెక్సీ వేయించాడు. వేసింది నేనే. అంతటితో ఆగానా? "పోయి ఒక పూట కూర్చోని రారా సామ్యేలూ, నీ పేరు నలుగురికి తెలిస్తాది" అని వాణ్ణి తోలింది కూడా నేనే. తిట్టదలుచుకున్నవాళ్ళు నన్ను కూడా కలుపుకుని తిట్టండి.

కళ్యాణమండపంలో క్లాసు. చికెన్ కొట్టువాడు, టిఫిన్ సెంటర్ పెంచలమ్మ, టైలర్లు, ఎరువుల కొట్లవాళ్ళు, అందరూ నోట్సు రాసుకున్నారు. నేను వెనక ఫ్లెక్సీ తాళ్ళు బిగిస్తూ విన్నాను. "ఒకసారి వచ్చిన కస్టమర్ మళ్ళీ మళ్ళీ రావాల. అదే బిజినెస్ సీక్రెట్" అన్నాడు సుధీర్.

సామ్యేలు చెయ్యెత్తాడు. "మా దాంట్లో మళ్ళీ రారు సార్."

"క్వాలిటీ లేకపోతే ఎట్ట వస్తారన్నా?"

మండపమంతా నవ్వింది. సుధీర్‌కు ఎందుకు నవ్వారో అర్థం కాలేదు, తన మాటకే అనుకుని తనూ నవ్వాడు. తర్వాత వీడి పని ఏమిటో తెలుసుకున్నాక వాడి కళ్ళు వెలిగిపోయాయి. ఆ రంగంలో ఇంకా ఎవరూ దిగలేదట, మొదట దిగినవాడిదే రాజ్యమట. మరుసటి రోజే తన ఆఫీసులో పనిచేసే లిఖిత అనే అమ్మాయినీ, ఫోన్ నిలబెట్టే స్టాండునూ తీసుకుని షెడ్డుకొచ్చేశాడు.

ఫొటోలకు రెండు పెట్టెలు రెడీగా ఉండాలన్నాడు. జోసెఫ్ సార్ ఇంటివాళ్ళ కంటపడితే చాలు అనుకుని సామ్యేలు తన జీవితంలో మొదటిసారి ఎవరి కొలతా లేకుండా రెండు పెట్టెలు చేశాడు. సుధీర్ వాటికి సీరియల్ లైట్లు చుట్టించాడు. పెట్టెలో ఎవరైనా పడుకుని హాయిగా ఉందని చూపిస్తే రీల్ పేలిపోతుందన్నాడు. లిఖిత ఆ మాటకు స్టాండు అక్కడే వదిలి బయటికి పోయింది. సామ్యేలు ఒప్పుకోలేదు. అన్నిటికీ తలూపిన వాడు కాదన్నది ఆ ఒక్కదానికే.

"సరే, నీ టార్గెట్ ఆడియెన్స్ ఎవరన్నా?" అన్నాడు సుధీర్.

"అంటే ఏంది సార్?"

"నీకు తెలిసినవాళ్ళు, నీ మీద నమ్మకం ఉండేవాళ్ళు. వాళ్ళ నంబర్లు యాడన్నా రాసుకోని ఉంటావు గదా."

సామ్యేలు జేబులోంచి ఆ నోటుబుక్కు తీసి ఇచ్చాడు. దాచుకోవాల్సిన సంగతి అని వాడికి తట్టలేదు. చర్చిలో అందరికీ తెలిసిన పేర్లే. నేను అప్పుడు నా దుకాణంలో ఉన్నాను, లేకపోతే లాక్కుని ఉండేవాణ్ణి. సుధీర్ ఒక్కో పేజీ ఫొటో తీసుకున్నాడు. షుగర్ ఎవరికి, పక్షవాతం ఎవరికి, గుండె జబ్బు ఎవరికి, అన్నీ పేర్ల పక్కనే రాసి ఉన్నాయి. అంత శుభ్రంగా ఏరిన లిస్టు హైదరాబాదులో కూడా దొరకదని మెచ్చుకున్నాడట.

సామ్యేలు పేరూ ఫొటోతో సుధీర్ కొత్త నంబరు ఒకటి పెట్టించి, సోమవారం పొద్దున మొదటి మెసేజ్ పంపించాడు. గులాబీ పువ్వు, పక్కన సామ్యేలు ఫొటో. "శుభోదయం! చివరిదాకా మీకు తోడు, సామ్యేలు పెట్టెలు." బుధవారం రెండోది వచ్చింది. "ముందుగా బుక్ చేసుకుంటే ఇరవై శాతం తగ్గింపు. ఆఫర్ మూడు రోజులే." సామ్యేలు ఫోన్‌లో ఇవేవీ కనపడవు. వాడిది నొక్కుడు బటన్ల ఫోన్.

గురువారం కామమ్మ వచ్చింది. నోటుబుక్కులో మొదటి పేరు జోసెఫ్ సార్‌ది, రెండోది ఆమెది, గుండె ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఆటో దిగి, గస పోసుకుంటూ షెడ్డు ముందు నిలబడింది.

"ఏం సామ్యేలూ, కొల్చుకో. నేనెప్పుడు పోతానా అని కాచుకోని ఉండావంట గదా" అంది.

వాడికి ఏమీ అర్థం కాలేదు. ఆమె కోడలి ఫోన్ చాపితే నేను తీసుకుని పైకి చదివాను. చదువుతుంటే నా గొంతే నాకు రోత పుట్టించింది. సామ్యేలు ఉలి కింద పెట్టి కామమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "నేను కాదమ్మా" అంటూనే ఉన్నాడు. ఆమె కాసేపటికి మెత్తబడి ఏడ్చింది. "ఆదివారం నువ్వొస్తావని పప్పు నానబెట్టేదాన్ని, ఇంక రావద్దులే అబ్బయా, బయమేస్తాది" అని ఆటో ఎక్కింది.

నేను వాణ్ణి బండెక్కించుకుని సుధీర్ ఆఫీసుకు పోయాను. ఏసీ గదిలో ఆ ప్రబుద్ధుడు టీ తాగుతున్నాడు.

"జనం తిడతా ఉండారా? సూపర్. అంటే చదవతా ఉండారన్నా. దాన్నే ఎంగేజ్‌మెంట్ అంటారు" అన్నాడు.

"ఆపు" అన్నాను.

"కోటేశ్వరన్నా, నువ్వు ఫ్లెక్సీల కాలంలో ఉండావు."

"నిన్ను ఈ కుర్చీతో సహా కిందికి తోసేదాకా ఆపవా?"

సామ్యేలు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు సుధీర్‌ను బతిమాలాడు, నా ముందే, చేతులు జోడించి. "జోసెఫ్ సార్‌కు పోకుండా చూడు నాయనా, ఆయన ఒక్కడికన్నా." సుధీర్ సరేనన్నాడు. అంత నమ్మకంగా తలూపిన మనిషి మెసేజ్‌లు పంపే లిఖితకు ఒక్క ముక్క చెప్పడం మరిచిపోయాడు. మూడో మెసేజ్ ముందే టైము పెట్టి ఉంచినదట, దానంతట అదే పోయింది. శుక్రవారం పొద్దున ఎనిమిదికి. "ఆలస్యం చేయకండి! ఈరోజే చివరి అవకాశం. రెండే మిగిలాయి."

శనివారం తెల్లవారాక ఉదయగిరిలో జోసెఫ్ సార్ ఇంట్లోనే పోయాడని చర్చి వాళ్ళకు కబురొచ్చింది. ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే. సామ్యేలు ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. లైట్లు చుట్టిన ఆ రెండు పెట్టెలనూ షెడ్డు వెనక పలకలుగా ఊడదీశాడు. దాచి ఉంచిన మంచి చెక్క కిందికి దించి, రంపానికి పదును పెట్టుకుని, వీధివైపు తిరిగి కూర్చున్నాడు. ఉదయగిరి బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. పురికొస పట్టుకుని ఎవరూ దిగలేదు. పన్నెండయ్యాక నేనే షట్టరు దించి, "పద పోదాం" అన్నాను.

అక్కడికి గంటన్నర ప్రయాణం. ఉదయగిరిలో ఆ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. కింద మెరుగుపెట్టె, ఇత్తడి రంగు పిడులు, పైన అద్దం. నెల్లూరు నుంచి తెప్పించారు. సామ్యేలు గేటు దగ్గరే ఆగిపోయాడు. సార్ కూతురు సారా చూసి ఎదురొచ్చింది. ఆమె కూడా టీచరే, గొంతు పెంచే మనిషి కాదు.

"రా అన్నా. చూసి పో" అంది.

"నేను పంపలేదమ్మా. నాకు తెలవదు."

"నీ పేరుతోనే గదా వచ్చినాయి. నీ ఫొటో ఉండాది."

"సార్ చూసినాడా?"

నాకు ఆ ఆడబిడ్డను ఆపాలనిపించింది, చెప్పొద్దమ్మా అని. ఆమె చెప్పింది. "మొదటిది చూసి నవ్వినాడు. మా వాడు ఫోన్ నేర్చుకున్నాడే అన్నాడు. రెండోదానికి ఏం అనలేదు. నిన్న పొద్దున మూడోది నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. మందులేస్తా ఉంటే గ్లాసు తోసేసినాడు. 'సామ్యేలుకు అంత తొందరగా ఉంటే, పోదాం లేమ్మా' అన్నాడు. మళ్ళీ నోట్లో ఏం ఏసుకోలేదు."