రెండో ఏడాదిలో చోటు కోసం చెన్నై ప్రయాణం

పొద్దున ఆరింటికి కోట బస్టాండులో నాయుడుపేట బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో మడత పెట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ, సంచిలో డిప్లొమా మార్కుల కాగితాలు, చపాతీలు, గుడ్డు పొరుటు. మా వదిన ముంతాజ్ నాలుగింటికే లేచి చేసిన చపాతీలు అవి.

చెన్నైలో ఒక కాలేజీ ఉంది. అక్కడ బొమ్మలు, పాట, నాటకం, కెమెరా అన్నీ కలిపి ఒకే డిగ్రీగా చెబుతారు. నెల్లూరు కమ్యూనిటీ కాలేజీలో నేను చేసిన రెండేళ్ల ఎంబ్రాయిడరీ డిప్లొమాను లెక్కలోకి తీసుకుని, నన్ను నేరుగా రెండో సంవత్సరంలో కూర్చోబెడతారా అని అడగడానికే ఈ ప్రయాణం. మళ్లీ మొదటి నుంచి చదవమంటే నా కథ అక్కడితో సరి. మా ఇంట్లో అందరం బతికేది మగ్గం పని మీదే. రెండేళ్లంటేనే మా అన్న నెల రోజులు ఆలోచించి సరేనన్నాడు. మూడేళ్లంటే వినడు, వినమని అడిగే ముఖం నాకూ లేదు.

ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. డిప్లొమా మొదటి ఏడాదిలో మా టీచరు మమ్మల్ని ఆ కాలేజీలో ఒక ప్రదర్శనకు తీసుకెళ్లింది. వేదిక మీద నిలువెత్తు కుట్టుపని గుడ్డ వేలాడదీసి, దాని ముందు పాడుతూ నాటకం ఆడారు. అప్పటిదాకా నేను కుట్టిన ప్రతి పువ్వూ ఎవరో ఒకరి పెళ్లి జాకెట్టు వీపు మీదకే పోయింది. కొలతలు లేని గుడ్డను చూడటం నాకదే మొదలు. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆ గుడ్డే కళ్లముందు ఉంది. నాకది కావాలి అనిపించింది, అంతే.

అప్పటినుంచి ప్రతి సెమిస్టరులో పేపర్లు దానికోసమే ఏరుకున్నాను. మా బ్యాచ్‌లో అందరూ బ్యూటీషియన్ పేపరు తీసుకుంటే నేను రంగుల పేపరు తీసుకున్నాను. తర్వాత చిత్రకళా చరిత్ర, ఆ తర్వాత జానపద సంగీతం. మా అన్నయితే, "కుట్టుపనికి సంగీతమెందుకే, సూది పాట వింటదా?" అని నవ్వాడు. నాలాగా వెళ్లాలనుకునే వాళ్లకు ఒక మాట. మార్కుల కాగితం ఒక్కటే చాలదు. ప్రతి పేపరులో ఏమేం చెప్పారో ఆ సిలబస్ కూడా మీ కాలేజీలో సంతకం పెట్టించి తీసుకెళ్లండి.

నాయుడుపేటలో బస్సు మారి సూళ్లూరుపేట చేరేసరికి ఎనిమిది దాటింది. స్టేషన్ బయట టీ తాగి, చెన్నై లోకల్ టికెట్టు తీసుకున్నాను. ఇరవై చిల్లర అయింది, చవకే. రైల్లో నా పక్కన మల్లెపూల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. తడలో దిగుతుందట.

"ఆ గుడ్డ ఏంది తల్లీ, బిడ్డని మోసినట్టు మోస్తా ఉండావు?" అంది.

మడత విప్పి చూపించాను. మా కోట దగ్గరి తూపిలిపాలెం సముద్రపు ఒడ్డు, ఆరేసిన వలలు, పడవలు. మిగిలిపోయిన జరీ, పూసలతో పాత నేతచీర మీద కుట్టింది.

"అమ్మేదానికా?"

"కాదమ్మా, కాలేజీలో చూపించేదానికి."

"చూపించి మళ్లీ ఇంటికి తెచ్చుకుంటావా? బాగుండాది మీ చదువు," అని నవ్వి, దిగేముందు మూర పూలు తుంచి నా చేతిలో పెట్టింది. తడ దాటాక రైలు పక్కన ఉప్పునీళ్లు మెరుస్తూ కొంతదూరం వచ్చాయి. గుమ్మిడిపూండి నుంచి జనం ఎక్కి కిటికీ కూడా కనపడలేదు.

సెంట్రల్లో దిగి, సిటీ బస్సులో కాలేజీకి వెళ్లేసరికి పన్నెండు కావస్తోంది. ఆ విభాగం చూసే మేడం భోజనానికి వెళ్లిందన్నారు. వరండాలో కూర్చుని చపాతీలు తిన్నాను. ఎదురుగదిలో ఎవరో డప్పు సాధన చేస్తున్నారు, ఒక పిల్ల గోడ మీద రంగు పూస్తోంది. మోచేతుల దాకా రంగు అంటించుకున్న ఆ పిల్లను చూస్తే నాకు అసూయ పుట్టింది. ఆ వరండాలో ఊడ్చే పని ఇచ్చినా ఉండిపోయేదాన్ని.

మేడం తెలుగావిడే, మాటలో కొంచెం అరవ యాస. సిలబస్ కాగితాలన్నీ ఓపికగా చదివింది.

"రంగులు, చరిత్ర, సంగీతం. ఇవన్నీ తీసుకుంటాం. అందరూ వేరేవి తీసుకుంటారు కదా, నువ్వివి ఎందుకు తీసుకున్నావు?"

"ఇక్కడికి రావాలని, మేడం."

ఆమె తలెత్తి నన్ను చూసింది. తర్వాత గుడ్డ అడిగింది. బల్లమీద పరిచాను. చాలాసేపు చూసింది. వలల దగ్గర వేలితో తడిమింది.

"ఎన్నాళ్లు పట్టింది?"

"ఇద్దరం కూర్చుంటే పది రోజులు మేడం."

"ఇద్దరమంటే?"

"నేను, మా వదిన."

"ఇందులో నీ పని ఏది, మీ వదిన పని ఏది?"

నేను గుడ్డను చూశాను. ఏ వల ఎవరు కుట్టారో నాకే గుర్తులేదు. మగ్గమంటే మాకు నాలుగు కర్రల చట్రం. దాని మీద గుడ్డ బిగించి, అటొకరు ఇటొకరు ఎదురెదురుగా కూర్చుని కుడతాం. ఒకరు అన్నం వార్చడానికి లేస్తే, వాళ్లు సగంలో వదిలిన పువ్వును రెండోవాళ్లు పూర్తి చేస్తారు. ఎవరిది ఏ పువ్వని మాలో ఎవరూ అడగరు, అడిగితే తప్పు. ఇద్దరు కుట్టినదాన్ని నాది అని తీసుకెళ్లడం తప్పవుతుందని నాకు తట్టనైనా లేదు.

"మాలో అట్టా విడదీసి చెప్పరు మేడం," అన్నాను.

ఆమె కోప్పడలేదు. "పని చాలా బాగుంది. కానీ ఇద్దరు చేసినదానికి ఒకరికి క్రెడిట్లు ఇవ్వలేనమ్మా. మొదటి నుంచి చివరిదాకా నువ్వొక్కదానివే కుట్టింది ఒకటి తీసుకురా. వచ్చే నెలాఖరులోపు తెస్తే రెండో సంవత్సరంలోనే చేర్చుకుంటాను."

"ఒక్కదాన్నేనా?"

"రేపు ఇక్కడ నీకెదురుగా మీ వదిన కూర్చోదు కదా?"

ఏనుగు పోయి తోక చిక్కినట్టయింది నా పని. నిజానికి సంతోషపడాలి. కాగితాలన్నీ ఒప్పుకున్నారు, ఒక్క గుడ్డ కుడితే సీటు నాదే. కానీ మగ్గం పనికి వాడే కొక్కెపు ఆరీ సూది పట్టుకోవడం నాకు నేర్పింది వదిన. మా ఇంటికి కోడలుగా వచ్చిన నాటినుంచి నాకెదురుగానే కూర్చుంది. చెన్నైకి వెళ్లాలని కలలు కన్నన్నాళ్లూ, వెళ్తే ఆమెకెదురుగా ఎవరూ ఉండరని ఒక్కసారి కూడా అనుకోలేదు.

సాయంత్రం సూళ్లూరుపేట లోకల్లో సీటు దొరికింది. గుమ్మిడిపూండి దాటాక వదిన ఫోన్ చేసింది.

"ఏమన్నారు నసీమా?"

"తీసుకుంటారంట. ఇంకో గుడ్డ కుట్టి తెమ్మన్నారు."

"అంతేనా? రేపే బిగిద్దాం. ఈసారి ఏం బొమ్మ వేద్దామే?"

"వదినా, నేనొక్కదాన్నే కుట్టాలంట."

అటునుంచి కుక్కరు విజిల్ వినపడింది.

"సరే, అయితే నేను మగ్గం కాడికి రాను," అంది. మళ్లీ తనే, "పూసలు ఏరి ఇవ్వచ్చా? అదీ కూడదన్నారా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ సీటు నాకు కావాలి, అప్పుడూ కావాలి, ఇది రాస్తున్న ఇప్పుడూ కావాలి. రైలు ఎంత ఇంటివైపు పోతున్నా ఆ వరండా మీది ఆశ తగ్గలేదు. వదిన మాత్రం జవాబు కోసం చూస్తోంది.

"ఏరి ఇవ్వచ్చు వదినా," అన్నాను. మేడంను అడగకుండానే అన్నాను.