ఐదో తరగతి దగ్గర గీత

ఒకటి నుంచి ఎనిమిది వరకు తరగతులన్నీ ఒకే కాంపౌండులో ఉండాలి. ఈ మాట మీటింగులో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, మా బావతో అన్నం తింటూ చెప్పాను. ఇక్కడ రాస్తున్నదీ అదే. ఎదురు చెప్పేవాళ్ళ దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. అవి నాకు తెలుసు. వాళ్ళకి మా అప్ప తెలియదు.

మా వైపు అక్కని అప్ప అంటాం. నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి రాయపూర్ వచ్చి రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. క్వార్టరు దొరకలేదు. లైను పక్క బస్తీలో ఇల్లు తీసుకున్నాడు. బస్తీకి ఇటు పక్క ప్రైమరీ బడి, ఒకటి నుంచి ఐదు వరకు. ఆరో తరగతి కావాలంటే రైలు గేటు దాటాలి. గేటు తీసి ఉండే సమయం కన్నా వేసి ఉండే సమయం ఎక్కువ. బొగ్గు వ్యాగన్లు ఆగి ఉంటే జనం వాటి కింద నుంచే దూరి పోయేవాళ్ళు.

అప్ప ఐదు పాసయ్యేసరికి నేను రెండు పాసయ్యాను. అమ్మ తెల్లారకుండానే బియ్యం మిల్లులో పనికి పోయేది. నన్ను బడికి తీసుకెళ్ళేది అప్పే. ఇప్పుడు అప్ప గేటు దాటి అటు ఒక్కతే పోవాలి, నేను ఇటు ఒక్కడినే పోవాలి. అమ్మకి రెండూ భయమే. బస్తీలో తెలుగువాళ్ళందరూ ఇలాంటప్పుడు ఒకటే చేసేవాళ్ళు. పెద్దపిల్లని ఇంట్లో ఆపి, చిన్నవాడు ఐదు పాసయ్యాక ఇద్దర్నీ కలిపి పంపేవాళ్ళు.

"ఏటవుతాదే, మూడేళ్ళేగా," అంది అమ్మ. "తమ్ముడికీ ఐదు అయిపోనీ. ఇద్దరూ సెయ్యీ సెయ్యీ పట్టుకుని ఎల్దురు గాని."

అప్ప చదువు ఎవరూ మాన్పించలేదు. ఆపారు, అంతే. మాన్పిస్తే ఏడ్చి గొడవ చెయ్యొచ్చు. ఆపితే ఏం చేస్తాం? అప్ప పుస్తకాలు ట్రంకులో పెట్టింది. రోజూ నన్ను బడి దగ్గర దింపి, గంట కొట్టేదాకా గేటు పట్టుకుని నిలబడి, ఇంటికెళ్ళి అన్నం వండేది. మూడేళ్ళయ్యాక, అమ్మ చెప్పినట్టే, నాతో కలిసి ఆరో తరగతికి వచ్చింది. క్లాసులో అందరికన్నా జానెడు పొడుగ్గా ఉంది. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "దీదీ, భాయీ కో ఛోడ్ దియా నా? అబ్ జావో, ఘంటీ హోనే వాలీ హై" అంది. తమ్ముణ్ణి దింపేశావుగా అక్కా, గంట కొట్టబోతున్నారు, ఇంక వెళ్ళు అని.

అప్ప వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నేను ఆరు ఒకచోట, తొమ్మిది ఇంకోచోట చదివి పాలిటెక్నిక్‌లో పడ్డాను. ఇప్పుడు శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో ఉక్కు షెడ్లకి డ్రాయింగులు గీస్తాను. మా పనిలో మొదట నేర్పేది ఒకటుంది. పొడవాటి బీముని ఎక్కడో ఒకచోట అతకక తప్పదు. అయితే బరువు ఎక్కువ లాగే చోట అతకకూడదు. పదేళ్ళ పిల్లకి ఇంట్లో పని, దారిలో భయం, వెనక తమ్ముడు, ముందు కొత్త బడి, అన్నీ ఒకేసారి మీద పడతాయి. సరిగ్గా అక్కడే బడిని కోసి అతికించాలని ఎవరికి తోచిందో నాకు తెలియదు. నా దగ్గర ట్రెయినీగా చేరినవాడు అలా గీస్తే షీటు వెనక్కి ఇచ్చేస్తాను.

తర్వాతి ఏళ్ళలో మా బస్తీ బడి కాంపౌండులో గదులు కట్టారు. ఆరు, ఏడు, ఎనిమిది అక్కడికే వచ్చాయి. అప్పకి బస్తీలోనే పెళ్ళయింది. బావ ఆటో నడుపుతాడు. వాళ్ళకొక కూతురు, మూడేళ్ళు చిన్నవాడైన కొడుకు. మా ఇద్దరి మధ్య ఉన్న తేడాయే. కూతురు ఐదు పాసయ్యే సమయానికి పైనుంచి కబురొచ్చింది. ఆరు నుంచి ఎనిమిది వరకు రింగు రోడ్డు అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారు. ఒకటి నుంచి ఐదు ఇక్కడే ఉంటాయి.

బడి వరండాలో మీటింగు పెట్టారు. మా హెడ్మాస్టరుని అందరూ బడే గురూజీ, అంటే పెద్ద మాస్టారు, అంటారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మంచి మనిషి.

"చూడండి భాయ్," అన్నాడాయన హిందీలో. "అక్కడ ల్యాబుంది. లెక్కలకి ఒక టీచరు, ఇంగ్లీషుకి ఒక టీచరు. ఇక్కడ ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేది నేను. నేను చదివింది హిందీ సాహిత్యం. కప్ప గుండెకి ఎన్ని గదులో పిల్లలే నాకు చెబుతున్నారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెప్పింది నిజం.

"టీచర్లని ఇక్కడికి పంపమనండి గురూజీ," అన్నాను. "రోడ్డు దాటడానికి వాళ్ళకి బండి ఉంది. పిల్లలకి లేదు."

"పెద్ద కుర్రాళ్ళు చిన్నవాళ్ళని కొడుతున్నారు కదా?" అన్నాడాయన.

"నన్నూ కొట్టారు. కొట్టింది నా క్లాసువాడే."

మళ్ళీ నవ్వారు. నా దగ్గర ఒక షీటు ఉంది. ఏ వీధి పిల్లల్ని ఏ పెద్దపిల్ల తీసుకొస్తుంది, వాళ్ళమ్మ ఎన్నింటికి పనికి పోతుంది, అన్నీ గడులు గీసి రాశాను. గురూజీ దాన్ని శ్రద్ధగా చూసి, "బహుత్ సుందర్" అని మడిచి ఇచ్చేశాడు. పక్కన కూర్చున్న ఛత్తీస్‌గఢీ పెద్దమ్మ నా మోచెయ్యి పొడిచి, గడ్డంతో మా మేనకోడల్ని చూపించి, "నోనీ హా కహాఁ జాహీ?" అంది. మరి ఈ పిల్ల ఎక్కడికి పోతుంది? దానికి నా షీటులో గడి లేదు.

ఆ సాయంత్రం అప్ప ఇంట్లో అన్నాలకి కూర్చున్నాం. బావ మెల్లిగా అన్నాడు:

"పోనీ, గుంటడికి ఐదు అయినదాకా ఆపుదుమా? మూడేళ్ళేగా. ఇద్దరూ కలిసి ఎల్తారు."

అప్ప గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఆ మాట ఇంకోపాలి అన్నావంటే, నీ ఆటోలో నువ్వే కూకుని ఆరో తరగతికి ఎల్లు."

"నా ఆటోలో దింపుదునా అంటే, ఆ టైముకి తెలీబంధా ప్రైవేటు బడి పిల్లల డ్యూటీ ఉంది కదే."

అది నిజం. డబ్బు కట్టి చదివే బడి పిల్లలు బావ ఆటో నిండా వేళ్ళాడుతూ వెళతారు. సొంత పిల్లలకి అందులో చోటు లేదు.

"ఒరే," అని అప్ప నావైపు తిరిగింది. "పెద్దోల్లు ఎక్కడుంటే సిన్నోల్లు అక్కడే ఉండాలని కదా నీ షీటులో రాసినావు?"

"అంతే."

"అయితే అందర్నీ అక్కడికే తోలుకుపోదాం."

జూన్‌లో బడి తెరిచిన రోజు బస్తీ పిల్లలంతా, ఒకటో తరగతివాళ్ళతో సహా, రింగు రోడ్డు దాటారు. నేను సెలవు పెట్టి లారీలని చెయ్యెత్తి ఆపాను. పెద్ద బడి ప్రిన్సిపాలు గేటు దగ్గరికి వచ్చాడు.

"ఇవి ప్రైమరీ పిల్లలు. ఇక్కడ ప్రైమరీ లేదు," అన్నాడు.

"స్టీలు డబ్బాల్లాగ సార్, సెట్టుగా వస్తారు," అంది అప్ప హిందీలో. "విడిగా ఇవ్వం."

పెద్దపిల్లలు క్లాసుల్లోకి వెళ్ళారు. చిన్నవాళ్ళు వరండాలో కూర్చున్నారు. ఊరికే ఎంతసేపు కూర్చుంటారు? ఎవడో రెండో ఎక్కం మొదలుపెట్టాడు. "దో ఏకం దో" అని వరండా మొత్తం అందుకుంది. పదమూడో ఎక్కం దాకా వచ్చేసరికి పన్నెండో తరగతి ఫిజిక్సు మేడమ్ బయటికి వచ్చి నిలబడింది. లోపల ఆమె మాట ఆమెకే వినపడటం లేదట. ప్రిన్సిపాలు ఎవరికో ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

మధ్యాహ్నం బడే గురూజీ స్కూటరు మీద వచ్చాడు. చంకలో హాజరు పట్టీలు ఉన్నాయి. మమ్మల్ని తిడతాడనుకున్నాను. చెప్పులు విప్పి వరండాలో పిల్లల మధ్య కూర్చున్నాడు.

"గురూజీ, మీరు వీళ్ళని తీసుకెళ్ళండి," అన్నాడు ప్రిన్సిపాలు.

"తీసుకెళతాను సార్. ఎనిమిదో తరగతి నుంచి పిలవండి. సగం బడిని తీసుకెళితే దారిలో వీళ్ళ చేతులు ఎవరు పట్టుకుంటారు? నాకున్నవి రెండు చేతులే."

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఎక్కాలు నడిచాయి. చివరికి, తదుపరి ఉత్తర్వు వచ్చేదాకా ఆరు నుంచి ఎనిమిది వరకు పాతచోటే ఉండవచ్చని చెప్పారు. రద్దు చేశామని మాత్రం ఎవరూ అనలేదు. అందుకే ప్రతి జూన్‌లో అదే పుకారు లేస్తుంది. ప్రతి జూన్‌లో అప్ప చిన్నవాళ్ళ చేత ఎక్కాలు మళ్ళీ చదివిస్తుంది.

మా మేనకోడలు ఈ ఏడాది ఎనిమిదిలో ఉంది. తమ్ముడు ఐదులో ఉన్నాడు. వచ్చే జూన్‌లో వాడు పక్క గదిలోకి మారతాడు, అంతే. వాడికోసం ఎవరూ ఆగక్కర్లేదు. ఆమె మాత్రం తొమ్మిదో తరగతికి రింగు రోడ్డు దాటాలి. అప్పుడు ఎనిమిది దగ్గర ఉన్న గీత సంగతేమిటని నన్ను అడిగేవాళ్ళున్నారు, నా మాటలో లొసుగు దొరికినట్టు నవ్వుతూ. లొసుగేమీ లేదు. ఆ గీతా వద్దంటాను.

కాంపౌండు వెనక నీళ్ళ ట్యాంకు పక్కన ఖాళీ స్థలం ఉంది. టేపు పెట్టి కొలిచాను. తొమ్మిది, పది తరగతులకి గదులు, ఒక ల్యాబు పడతాయి. కప్ప గుండె సంగతి అందులో చూసుకోవచ్చు. ప్లాను గీసి పట్టుకెళ్ళాను. బడే గురూజీ రిటైరయ్యారు. కొత్తాయన షీటుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎవరు అడిగారు?" అన్నాడు.

"మా అప్ప," అన్నాను.