లోకనాథం మొలతాటి తాళంచెవి

టెక్కలిలో మా నాలుగంతస్తుల అపార్ట్‌మెంటుకు లిఫ్టు నడిపేవాడు లోకనాథం. ఖాకీ చొక్కాకు పైగుండీ దాకా అన్నీ పెట్టుకుని, రోజంతా లిఫ్టులోనే స్టూలు మీద కూర్చుంటాడు. కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగిపోతే, డాబా మీది మిషను గదిలో చక్రం చేత్తో తిప్పి దించాలి. ఆ పని అతనొక్కడికే తెలుసు. గది తాళంచెవి అతని మొలతాటికే ఉంటుంది, స్నానానికి కూడా విప్పడు. మొన్న వేసవిలో కరెంటు పోయి రెండు, మూడు అంతస్తుల మధ్య అతనే ఇరుక్కుపోయాడు. ఊచల తలుపులోంచి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. రెండో అంతస్తు రత్నాలమ్మ కింద నిలబడి, "ఆ తాళం ఇలా పడెయ్‌రా. ఎలా తిప్పాలో సెప్పు, మేమే తిప్పుతాం" అంది.

"వద్దమ్మా, కరెంటు వచ్చేత్తది."

"ఉడికిపోతన్నావు కదరా! ఏటి నీ పంతం?"

 లోకనాథం మెల్లగా, "మీరంతా నేర్సేసుకుంటే నన్నెందుకు ఉంచుతారమ్మా?" అన్నాడు.

రెండు గంటలకు కరెంటొచ్చి లిఫ్టు రెండో అంతస్తుకు దిగింది. అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. రత్నాలమ్మ చెంబుడు నీళ్ళతో ఎదురుగానే ఉంది. బయటికి అడుగు వేయబోతుంటే పైనుంచి ఎవరో బెల్లు కొట్టారు. చెంబు అందుకోకుండానే లోకనాథం తలుపు లాగేసుకున్నాడు.