పారిస్ గడియారం, బసరా ముత్యం

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నాకు చిన్నప్పటినుంచీ నూరిపోసింది. ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒకటి మెచ్చుకుని రావాలి, కూర కుదిరిందనో, చీర రంగు బాగుందనో. ఆ అలవాటే దోహాలో మా కొంప ముంచబోయింది.

చమురు ధర పెరిగి ఊరంతా సిమెంటు ధూళి లేస్తున్న రోజులవి. మా ఆయన ఒక కాంట్రాక్టరు కంపెనీలో అకౌంటెంటు. అల్ ముంతజాలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. కంపెనీ యజమానిని అందరూ ముదీర్ అనేవారు, ఆయన ఇల్లు అల్ హిలాల్‌లో. సాయంత్రాలు అక్కడికి వెళ్ళి ఆయన కూతురికి లెక్కలు చెప్పేదాన్ని. పాఠం అయ్యాక ఆ పిల్ల నానమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ పోసేది. ఆవిడకు వంటవాళ్ళ దగ్గర పట్టుబడిన హిందీ, నాకు బజార్లో పట్టుబడిన అరబ్బీ. రెండూ కలిపి కబుర్లు నడిపించేవాళ్ళం. నేను ఆవిడను అమ్మా అన్నట్టు ‘యుమ్మా’ అనేదాన్ని, ఆవిడ నన్ను కూతురా అన్నట్టు ‘బింతీ’ అనేది. నా చీరనుగాని జడనుగాని ఆవిడ ఏనాడూ మెచ్చుకోలేదు. కాస్త పొగరు కాబోలనుకున్నాను.

ఆవిడ చేతికి బంగారు గడియారం ఉండేది. పారిస్‌లో పేరుమోసిన నగల కంపెనీవాళ్ళు చేసింది, కొడుకు కొనిచ్చాడు. ఎప్పుడు చూసినా ఆగిపోయే ఉండేది. అంత ఖరీదైన వస్తువుకు కీ ఎందుకివ్వదా అని నాకు ఒకటే ఇది. ఒకరోజు ఉండబట్టలేక, మెల్లగా ఆ సంగతిలోకి దిగుదామని, “యుమ్మా, మీ గడియారం ఎంత బాగుందో!” అన్నాను.

ఆవిడ వెంటనే దాన్ని విప్పి నా చేతికి పెట్టేసింది. “నీదే, బింతీ” అంది. వద్దన్నకొద్దీ ఆవిడ ముఖం చిన్నబోయింది.

మనవైపు ఎక్కువగా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందంటారు. అక్కడ మెచ్చుకున్న వస్తువు మెచ్చుకున్నవాళ్ళదైపోతుందని నాకు అంతవరకూ తెలియదు.

మా ఆయనకు గడియారం చూడగానే చెమటలు పట్టాయి. “ఏమిటే ఇది? అమ్మ చెయ్యి బోసిగా ఉందేమని రేపు ముదీర్ అడిగితే? నా ఉద్యోగం ఊడగొట్టి విమానం ఎక్కించేస్తారు!”

“నేనేమన్నా అడిగి తెచ్చుకున్నానా?”

“అడక్కపోతేనేం, పొగిడావుగా! రేపే ఇచ్చెయ్.”

ఇస్తే ఆవిడకు అవమానం, ఉంచుకుంటే మాకు గండం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మర్నాడు ధైర్యం కోసం అమ్మ ముత్యాల దుద్దులు పెట్టుకున్నాను. అమ్మ పోయాక నాకు మిగిలినవి అవే. పోగొట్టుకుంటానన్న భయంతో ఎప్పుడూ పెట్టెలోనే దాచేదాన్ని.

“నచ్చలేదా?” అంది పెద్దావిడ, నేను గడియారం బయటికి తీయగానే.

“మీ అబ్బాయి ప్రేమగా ఇచ్చింది. నేనెలా పెట్టుకోను, యుమ్మా?”

“ప్రేమ కాదు, పంతం” అంది. అప్పుడు చెప్పింది అసలు కథ.

ప్రపంచ యుద్ధాలకు ముందు ఆ పారిస్ కంపెనీ నడిపే అన్నదమ్ముల్లో ఒకాయన ముత్యాల కోసం ఓడెక్కి ఈ సముద్రానికే వచ్చాడట. ఆవిడ తండ్రి కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి, సముద్రం అడుగున ముత్యపు చిప్పలు ఏరే మనిషి. నేను సగమే నమ్మాను. చాలా ఏళ్ళకు ఒక పత్రికలో చదివితే అంతా నిజమే. న్యూయార్కులో వాళ్ళ మేడ కూడా ఒక ముత్యాల హారానికి మారుగా చేతికొచ్చిందట. తరువాత జపాన్‌వాళ్ళు ముత్యాలను పెంచడం నేర్చారు, ఇక్కడి పడవలు మూలనపడ్డాయి.

“మా నాన్న తీసిన వాటిలో ఒక్కటీ మా ఇంట్లో మిగల్లేదు. అన్నీ పడవ యజమాని పట్టుకుపోయేవాడు. ఇప్పుడు వాళ్ళ సరుకు మనమే కొంటున్నామని నా కొడుక్కి సంబరం. నాకు కోపం. అందుకే కీ ఇవ్వను” అంది.

అంతలో ఆవిడ చూపు నా చెవుల మీద ఆగింది. అవి బసరా ముత్యాలని అమ్మ గొప్పగా చెప్పుకునేది. పేరు బసరాదే, పుట్టింది మాత్రం ఈ సముద్రంలోనే. పెద్దావిడ ఏదో అనబోయి, నోరు మూసుకుని, కాఫీ కూజా వైపు తిరిగింది. మళ్ళీ చూసింది. మళ్ళీ తిరిగింది.

నా బుర్రకు అప్పుడు వెలిగింది. మెచ్చుకుంటే నేను ఇచ్చెయ్యాల్సి వస్తుందని ఆవిడ నోరు కట్టేసుకుంది. ఇన్నాళ్ళూ నేను పొగరనుకున్నది ఇదే. నాకు సిగ్గూ, ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఒక దుద్దు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. ప్రాణం గిలగిలలాడింది, లేదని ఎందుకనాలి? ఆవిడ అసలుదో కాదో తేల్చుకోవడానికి ముత్యాన్ని పంటికి రాసి చూసి గుప్పిట మూసింది. తరువాత రెండో చెయ్యి నా ముందుకు చాపింది. గడియారం తొడిగాను.

“కీ ఇవ్వనా?”

“వద్దు.”

అప్పుడు గుప్పిట తెరిచి, అందులోకి చూసుకుంటూ, “ఎంత బాగుందో!” అంది. ఆ మాట అనడానికి అది తనదయ్యేదాకా ఆగింది.