పేరడిగితే ప్రోగ్రాం రాసే కేశవులుగారు

కంప్యూటర్‌లో ఎక్కడ ఖాళీ గడి కనబడినా చెన్నకేశవులుగారి చేతులు ఊరుకోవు. పేరు రాయమంటే పేరు రాయరు, చిన్న ప్రోగ్రాం రాస్తారు. పెళ్లిసంబంధాల సైట్‌లో మేనకోడలి వివరాల దగ్గరా అదే పని.

"ఆ సంబంధం ఏమైంది సార్?" అని ఆఫీసులో ఒకమ్మాయి అడిగితే, "సైటే పడిపోయిందమ్మా, అబ్బాయి సంగతి తెలియలేదు" అన్నారు.

2007లో, ఆయన పనిచేసే నోయిడా సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన భానుశ్రీకి ఇదంతా వింతగా ఉండేది. ఢిల్లీ కటవారియా సరాయ్‌లో గదులు వెతుక్కునే విద్యార్థుల కోసం ఒక సైట్ చేయడం ఆమె మొదటి పని. గది ఎలా ఉందో అద్దెకున్నవాళ్లు అందులో రాయొచ్చు. పేజీ పూర్తయిందో లేదో, కేశవులుగారు కుర్చీ లాక్కుని వచ్చేశారు.

"నేనూ ఓ ముక్క రాస్తానమ్మా."

"గది గురించే రాయండి సార్!"

ఆయన టకటకా ఏదో కొట్టారు. తెరమీదికి ఒక పెట్టె ఎగిరొచ్చింది: 'నమస్కారం, నేను కేశవులు.'

"ఇదెక్కణ్నుంచి వచ్చింది సార్?"

"నువ్వే రానిచ్చావు. నేను రాసినదాన్ని తిన్నగా పేజీని తయారుచేసే హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో కలిపేశావు. అది మాటో ప్రోగ్రామో బ్రౌజరుకేం తెలుసు? నడిపేసింది. నేను కాబట్టి నమస్కారం పెట్టాను. దొంగవెధవైతే పేజీ తెరిచిన ప్రతి పిల్లాడి లాగినూ పట్టుకుపోడూ?"

"మరేం చేయాలి?"

"ఎవరేం రాసినా ఉత్త అక్షరాలుగానే చూపించు."

భానుశ్రీ దిద్దింది. ఈసారి ఆయన ప్రోగ్రాం కదలకుండా, బుద్ధిగా అక్షరాల వరసై కూర్చుంది. అయినా ఆమెకు గుబులే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మేనేజర్ భరద్వాజ్ చెవిన పడితే? రోజులు గడిచినా అతను అడగనేలేదు. ఎందుకడగలేదో ఆమెకు అంతుబట్టలేదు.

ఒక మీటింగులో తెలిసింది. భరద్వాజ్ హిందీలో విసుక్కున్నాడు. "కేశవులుజీ, తప్పులు పట్టడమే కదా మీ పని? ఏడాదంతా ఒక్కటీ చూపించలేదు. ఇంక మీరెందుకు ఈ టీమ్‌లో?"

"దొరకలేదు సార్," అన్నారు కేశవులుగారు అమాయకంగా.

భానుశ్రీ ఉండబట్టలేక లేచింది. "నా పేజీలో పట్టుకున్నారు సార్. నా చేతే దిద్దించారు."

"నా దాంట్లోనూ," అన్నాడు పక్కనున్న వరుణ్. అరుంధతి కూడా చెయ్యెత్తింది. చివరికి బల్ల చుట్టూ చెయ్యెత్తనివాళ్లు భరద్వాజ్, కేశవులుగారు మాత్రమే. భరద్వాజ్ తెల్లబోయి, నవ్వేసి, మీటింగ్ ముగించాడు.

బయటికి రాగానే కేశవులుగారు విరుచుకుపడ్డారు. "బుద్ధుందా? నీకు మాట రాకూడదని నేను దాస్తే, నిలబడి నువ్వే చెప్పేస్తావా!"

"మరి మీ ఉద్యోగం సార్?"

ఆయన ఆలోచించారు. "అచ్ఛా! అది తట్టలేదు సుమీ."

ఆ కోపంతోనే భానుశ్రీని, వరుణ్‌ని, అరుంధతిని ఢిల్లీ అశోకా రోడ్డుకి ఆంధ్రా భోజనానికి లాక్కెళ్లారు. గోంగూర రెండోసారి వడ్డించేదాకా భానుశ్రీతో పలకలేదు. ఆ తర్వాత మాత్రం నెయ్యి గిన్నె ఆమెవైపు జరిపారు.