మామ గొంగడి, పెద్ద ఈగలు

మొన్న పొద్దున మా ఎదురింటి కోడలు తలుపు కొట్టి, "మామ్మగారూ, వంటింటి కిటికీ మూసుకోండి, తేనెపట్టు దులిపించేస్తున్నామండి" అని చెప్పిపోయింది. కోస్తా పిల్ల, మర్యాదస్తురాలు, ఏం చేసినా ముందుగాల చెప్పి చేస్తది. కొత్తగూడల మేముండేది ఏడో అంతస్తు. మా మీది బాల్కనీ కింద పెద్ద ఈగలు పట్టు పెట్టి నెల దాటింది. రోడ్డు అవతలి అద్దాల ఆఫీసుకు గూడ మూడు పట్లు వేలాడుతున్నయి. అంత ఎత్తుల, అంత నున్నటి గోడకు ఎట్ల పట్టుకున్నయని అందరు నోరు తెరిచి చూస్తరు. నాకు వింత లేదు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద పెద్ద రాతి గుండ్లు ఉండె, ఇప్పుడు బిల్డింగులు ఉన్నయి. ఈగలకు రెండూ ఒకటే, వాన తగలని చూరు ఉంటే చాలు.

కిటికీ మూద్దామని పోయి బయటికి చూసిన. పైన బాల్కనీల వాచ్‌మన్ కట్టెకు గుడ్డ చుట్టుకొని నిలబడ్డడు. కుట్టకుండ అని ఎవరో ఇచ్చిన బొచ్చు రగ్గు నెత్తి నుంచి కప్పుకున్నడు. నల్లగ, దట్టంగ ఉంది. "ఓ కొడకా, ఆ నల్లది తీసెయ్, అవతల పారెయ్" అని ఒర్రిన. అంత గట్టిగ నేను ఒర్రి ఎన్నేండ్లైందో. ఎదురింటి పిల్ల ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఏమైందని అడిగితే చెప్పలేకపోయిన. అందుకే రాస్తున్న. నాకు అక్షరాలు యాభై దాటినంక వచ్చినయి. మనవరాలు పలక దిద్దుతుంటే పక్కన కూసోని నేను గూడ దిద్దిన. నా రాతల తళుకు ఉండదు, జరిగింది జరిగినట్టు ఉంటది.

మాది బాచుపల్లి. డెబ్బైలు మొదలైన కాలంల కొత్తగూడకు కోడలిగా వచ్చిన, అప్పుడు నాకు పదహారు. ఇప్పుడు ఫ్లైఓవర్ దిగే కాడ మా గొర్ల దొడ్డి ఉండేది. దాని ఎనక నుంచి పడమటికి అన్నీ గుండ్లే, ఒకదాని మీద ఒకటి, ఎవరో ఆడుకొని వదిలేసి పోయినట్టు. నడుమ నడుమ సీతాఫలం పొదలు, తుమ్మలు. ఇంట్ల మేము ముగ్గురం: నేను, మా ఆయన, మా అత్త. మామ నేను రాకముందే పోయిండు. ఆయన గొంగడి మాత్రం నడింట్ల చిలక్కొయ్యకు వేలాడుతుండె. ఆయన గొర్ల ఉన్నితోనే నేయించింది, బొగ్గు లెక్క నలుపు. అత్త దాన్ని ఉతకనిచ్చేది కాదు. ఉతికితే ఆయన వాసన పోతదట. నాకైతే అండ్ల గొర్రె వాసన తప్ప ఏం తెలిసేది కాదు. ఆ మాట పైకి అనే ధైర్యం లేదు.

అత్త అంటే నాకు భయం. కొట్టేది కాదు, తిట్టేది గూడ కాదు. సన్నగ, ఎండిన తుమ్మకట్టె లెక్క ఉండి, ఒక్క మాట అనేది. వచ్చిన మూడో దినం పప్పుల ఉప్పు ఎక్కువైంది. ఆమె ముద్ద నోట్ల పెట్టుకొని, నమిలి, మింగి, "ఉప్పు మీ బాచుపల్లిల పండుతదా బిడ్డా?" అని అడిగింది. అంతే. ఆ మాట ఇరవై ఏండ్లు అన్నది. ఆమె అడుగుల చప్పుడు వింటే నేను చేతిల ఉన్నది కింద పెట్టి, మళ్ళ ఎత్తుకునేదాన్ని.

నేను కోడలిగా వచ్చిన ఆ ఏడు వానలు లేవు. మా దొడ్డి మట్టిగోడ బొక్కల చిన్న ఈగలు తేనె పెట్టుకొని ఉండేవి. ఎండలు ముదిరినంక రోజూ పొద్దున గోడ కింద చచ్చిన ఈగలు దోసెడు కనబడేవి. రోగమేమో అనుకొని ఊడ్చి పారేస్తుంటే అత్త చూసింది. చీపురు గుంజుకొని నన్ను బొక్క ముందర కూసోబెట్టింది. కూసోని చూస్తే అక్కడ కొట్లాట నడుస్తున్నది. కావలి ఈగలు వచ్చిన ప్రతిదాన్ని మీసాలతోని తడిమి వాసన చూస్తున్నయి. తమదైతే పోనిస్తున్నయి. వేరే పట్టుదైతే మీద పడి, రెండూ కరుచుకొని దొర్లి, తోక వంచి కడుపు కింద మెత్తటి సందు కోసం ఎతుకుతున్నయి. సందు దొరికినంక ఒకటి వణికి కాళ్ళు ముడుచుకుంటున్నది. ఇంకోటి రెక్కలు దులుపుకొని మళ్ళ కావలికి పోతున్నది.

కుట్టిన ఈగ చస్తది కదా, ఇది ఎందుకు చస్తలేదని అడిగిన. ఈగ ఈగను కుడితే ముల్లు తిరిగి బయటికి వస్తదని, మన తోలు సాగుతది గనుక అండ్ల గాలం లెక్క పడి రాదని, ఈగ ఎగురుదామంటే పేగులతో సహా ఊడుతదని చెప్పింది. పూలు లేని కాలంల ఆకలికి పక్క పట్టుల సొరబడతయట. కడుపునిండ తేనెతోని, తల వంచుకొని వచ్చిన పరాయి ఈగను మాత్రం ఒకోసారి పోనిస్తయట. ఉత్త కడుపుతోని వచ్చి వాకిట్ల అటు ఇటు తచ్చాడేదాన్ని పడతయట. ఇంత చెప్పి నా దిక్కు చూసింది. "నువ్వు ఇంకా తచ్చాడుతనే ఉన్నవు" అన్నది. చీపురు నా చేతిల పెట్టి పోయింది. నేను ఆ గోడ కింద చానాసేపు కూసున్న.

పెద్ద ఈగల కథ వేరే. అవి గుండు చూరుకు, చాట అంత పట్టు పెడతయి. మా ఆయన ఏడాదికోసారి పొద్దు గూకే యాళకు పొగ పెట్టి ఆ తేనె తెచ్చేవాడు. మామ తీసినప్పుడు గొంగడి కప్పుకునేవాడని ఈయనా అదే గొంగడి కప్పుకునేవాడు. గొర్లు కాసే మాకు గొంగడే గొడుగు, గొంగడే పరుపు, గొంగడే సంచి. వాన పడితే, వడగండ్లు పడితే, కుక్క ఎగబడితే గొంగడి దగ్గరికి గుంజుకొని కూసుంటం. ఏ కీడు వచ్చినా మాకు చేతనైన పని అదొక్కటే. ఆ ఏడు పొగ పెట్టిన సాయంత్రం ఆయన తేనెకుండతోని వచ్చి, చేతులకు నాలుగైదు తప్ప తగలలేదని, అన్నీ గొంగడి మీదనే కుట్టినయని, నాయన గొంగడి కాపాడిందని చెప్పిండు. మేమూ నమ్మినం. గొంగడికే ఎందుకు అన్ని కుట్టినయని ముగ్గుర్ల ఒక్కరం గూడ అనుకోలేదు.

తెల్లారి వానమొగులు పట్టింది. ఆయన గొర్లను తోలుకొని ముందే పోయిండు. నేను అంబలి తీసుకపోవాలె. గడప దాటుతుంటే అత్త ఆగమన్నది. చిలక్కొయ్య నుంచి మామ గొంగడి తీసి, ఒకసారి ముక్కు కాడ పెట్టుకొని, నా నెత్తి మీద కప్పింది. అంతకుముందు నన్ను దాన్ని ముట్టనియ్యలేదు. "తడుస్తవు. కప్పుకొని పో. ఆయన పోయినప్పటి సంది ఇది నేల తాకలేదు. నేలకు తాకిచ్చినవంటే ఇంట్లకు రాకు" అన్నది. నేను తల ఊపిన. తోవంత రెండు చేతులతోని గొంగడి అంచులు పట్టుకొని నడిచిన. అంబలి ముంత మోచేతికి వేలాడుతున్నది.

దారి ఆ గుండు కిందనుంచే. పట్టు కోసిన కాడ ఈగలు ఇంకా నల్లగ ముద్దగ ఉన్నయి. మొగులున్ననాడు వాటికి కోపం ఎక్కువని నాకు తర్వాత తెలిసింది. ముందు ఒక్కటి వచ్చి నొసట ఢీకొట్టింది. కుట్టలేదు, బెదిరిచ్చింది. నేను గొంగడి దగ్గరికి గుంజుకున్న. రెండోది మణికట్టు మీద కుట్టింది. ఒక్కసారే అరటిపండు మాగిన వాసన వచ్చింది. ఈ గుట్ట మీద అరటిపండు ఎక్కడిదా అనుకున్న, ఆ ఒక్క అనుమానమే నాకు గుర్తున్నది. కుట్టిన ముల్లు నుంచి వచ్చే వాసన అది. అది తగిలిన కాడికి మిగిలినయన్నీ వస్తయి. నిన్నటి ముండ్లు నా ఒంటి మీద గొంగడి నిండ ఉన్నయి. ఈగలకు నేను కోడల్ని కాదు, నిన్న ఇల్లు కూలగొట్టిన నల్లటి బొచ్చు జంతువును.

వడగండ్లు పడ్డట్టు గొంగడి మీద పడ్డయి. నేను మోకాళ్ళ మీద కూలబడి, ముడుచుకొని, ముసుగు మూసిన. లోపల చీకటి. చీకట్ల అయిదారు ఈగలు నాతోనే ఉన్నయి. ఒకటి చెవి కాడ, ఒకటి మెడ ఎనక. బయట మోత ఎట్లుందంటే, పండ్లు గిట్టకరిచి పట్టుకుంటే ఆ మోత పండ్లల్లకు వచ్చింది. ఊపిరి తీస్తే ఉన్ని నోట్లకు వస్తున్నది. చస్తున్నననుకున్న. అట్ల అనుకుంట గూడ, గొంగడి అంచు నేలకు తాకకుండ ఎత్తి పట్టుకున్న.

అప్పుడు దూరంగ అత్త గొంతు వినబడ్డది. అంబలిలకు నేను మరిచిపోయిన ఉల్లిగడ్డ పట్టుకొని, గొణుక్కుంట ఎనక వస్తున్నదట. "గొంగడి ఇడువు. అవతల పారెయ్" అని ఒర్రుతున్నది. మంచిగ వినబడ్డది. కానీ పొద్దున నేలకు తాకియ్యకు అన్నది గూడ ఆ నోరే. నా చేతులకు పొద్దుటి మాటే ఎక్కింది. ఇంకా గట్టిగ పట్టుకున్న. ఈగల కంటే అత్తకే ఎక్కువ భయపడ్డ, నిజం చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.

ఆమె ఆ ఈగలల్లకే వచ్చింది. నా చెంప మీద ఒక్కటి కొట్టి, చేతులు విప్పి, మామ గొంగడి ఊడబెరికి నేలకేసి కొట్టింది. తన కొంగు తీసి నా మొఖం మీద కప్పి, జుట్టు పట్టుకొని గుంజుకుంట ఉరికిచ్చింది. నేను కుంట దిక్కు మళ్ళిన. నీళ్ళల్ల మునిగితే తల లేపేదాక పైననే తిరుగుతయని, వద్దని ఇటు గుంజింది. సీతాఫలం పొదల నడుమ ఉరికినం, కొమ్మలకు తగిలి కొన్ని రాలినయి, చానామటుకు గొంగడి మీదనే పడి కుడుతున్నయి. కానీ గొంగడి ముట్టిన చేతులు అత్తవి. కొంగు లేని మొఖం అత్తది.

దొడ్లకొచ్చి పిడకల పొగల పడ్డంక ఆమె మొఖం చూసిన. కండ్లు మూసుకపోయినయి. పెదవులు మొఖంల కలిసిపోయినయి. నేను రెండు వేళ్ళతోని ముల్లు గిల్లి తీయబోతే, మాట సరిగ రాకున్నా చేతి మీద కొట్టింది. "గిల్లకు. గోటితోని గీకు. ఎనక తిత్తి ఉంటది, ఒత్తితే విషమంత లోపలికే పోతది" అన్నది. గీకిన ఒక ముల్లును గోటి మీద పెట్టుకొని చూసిన. ఈగ లేదు. ఎప్పుడో తెగిపడి చచ్చింది. కానీ ముల్లు ఎనక ఆ తిత్తి ఇంకా కొట్టుకుంటున్నది, లోపల ఎవరో ఉన్నట్టు. దాన్ని చూసినప్పుడు పుట్టిన భయం ఈగల నడుమ గూడ పుట్టలేదు.

ఆమె ఊపిరి ఈల లెక్క రావట్టింది. పక్కింటి ఎడ్లబండి మీద పెద్ద రోడ్డు దాకా, అక్కడ నుంచి లారీల దవాఖానకు. బండిల ఆమె తల నా ఒళ్ళె పెట్టుకొని గీకుతనే ఉన్న. తొంబై దాక లెక్క పెట్టి ఇడిచిపెట్టిన. బండి ఎక్కినప్పుడు నా భయం నాకోసమే. ఈమె చస్తే అత్తను మింగిన కోడలు అంటరు, నన్ను బాచుపల్లికి తోలుతరు, ఇదే నా ఆలోచన. రోడ్డు వచ్చేసరికి ఆ భయం ఎటు పోయిందో పోయింది. ఈల ఒకసారి ఆగింది. నేను ఆమె చెవిల, ఉప్పు తక్కువేస్తనత్తా, ఊపిరి తియ్యి అని ఏడ్చిన. దవాఖానల సూదులేసిన్రు. డాక్టరు, జర ఆలస్యమైతే దక్కేది కాదన్నడు.

నాలుగు దినాలకు ఇంటికొచ్చింది, కండ్లు గీతలంత తెరుచుకున్నయి. గొంగడిని మా ఆయన ఆనాటి సాయంత్రమే కట్టెతోని ఎత్తుకొచ్చి దూరంగ కంప మీద ఆరేసిండు. దాని నిండ ముండ్లు, ఊక చల్లినట్టు. అత్త దాని ముందరికి పోయి నిలబడ్డది. నేను దగ్గరికి పోయి, నేను కింద పెట్టలేదత్తా అన్న.

"ఎరుకే. నేను జెప్పిన మాట పట్టుకొనే సచ్చేదానివి" అన్నది. కట్టెతోని గొంగడిని కంప మీద నుంచి దించి, "నీళ్ళు కాగబెట్టు" అన్నది.

కుంకుడుకాయలు కొట్టి, ఉడుకు నీళ్ళల్ల ఆ గొంగడిని ఇద్దరం ఉతికినం. మొదటి నీళ్ళు నల్లగ వచ్చినయి, రెండోసారి చాయ్ లెక్క, మూడోసారి తెల్లగ. పిండే ముందర ఆమె తడి ఉన్నిల మొఖం పెట్టింది. మెల్లగ తీసింది. "పోయింది" అన్నది. ఒక కొస నా చేతికిచ్చి, పిండు, గట్టిగ పిండు అన్నది. ఆమె అటు, నేను ఇటు మెలిపెట్టినం. ఆ గొంగడి తర్వాత ఎన్నిసార్లు నేల తాకిందో. నా పిల్లలు ఇద్దరూ దాని మీదనే పాకిన్రు. ఉప్పు మాట మాత్రం ఇడవలేదు, కానీ ఆమె అడుగుల చప్పుడుకు నా చేతిల గిన్నె మళ్ళ కదల్లేదు.

మొన్న వాచ్‌మన్ రగ్గు తీసి తెల్ల దుప్పటి కప్పుకున్నడు, పని కూడా ఆపేసిండు. పూత అయిపోతే ఈగలు వాటంతట అవే ఎళ్ళిపోతయని ఎదురింటి పిల్లకు చెప్పిన. సరేనండి అన్నది. కిటికీ మాత్రం మూసే ఉంచింది, నేనూ మూసే ఉంచిన. అత్త పోయి చానా ఏండ్లైంది, గొంగడి చిమ్మటల పాలైంది, ఆ గుండును పేల్చి రాయి ఎత్తుకపోయిన్రు. ఈగ ఎప్పుడో రాలిపోయింది గాని, నా మణికట్టు మీద ఆ చిన్న తిత్తి యాభై ఏండ్ల సంది కొట్టుకుంటనే ఉన్నది.